రాజు మూపు మీద పల్లకి

చంద్రశిలా నగరంలో గంట మోగి నలభై రోజులైంది.

ఏడు ప్రాకారాల నగరం అది. పాలరాతి మేడలు, పచ్చల తోరణాలు, వీధి మలుపు తిరిగితే చాలు చలువ పందిళ్లు. చూడవచ్చిన పరదేశి తెరిచిన నోరు మూసుకోడని దానికి పేరు. అటువంటి నగరంలో ఇప్పుడు పట్టపగలే జనం గోడలకు ఒత్తుకుని నడుస్తున్నారు. పెళ్లిపీటలు అటకెక్కాయి. పుట్టిన బిడ్డలకు పేర్లు పెట్టే దిక్కు లేదు. చచ్చినవాళ్లను ఉప్పులో పెట్టి, పైన వేపాకు కప్పి, ఇంటిల్లిపాదీ కొండవైపు చూస్తూ కూర్చున్నారు. ఆ కొండమీది గంటామఠానికి అధిపతి విమలబోధస్వామి, మహాఘంట నాలుకకు నల్లగుడ్డ చుట్టించి, రాజునూ రాజ్యాన్నీ కలిపి వెలి వేశాడు. వెలి తీసేదాకా పెళ్లి లేదు, పురుడు లేదు, చావుకు మంత్రం లేదు.

ఇంత ప్రళయానికీ మూలమేమిటయ్యా అంటే, ఒక బోయీ కాలు తడబడటం.

పల్లకి మోసేవాళ్ల పద్ధతి తెలిసినవాళ్లకు చెప్పనక్కరలేదు. వెనక కొమ్ము, అంటే పల్లకి దండె వెనక కొస, మోసేవాడికి దారి కనబడదు, ఎదురుగా పల్లకి గోడే కనబడుతుంది. ముందువాడు 'రాయి' అంటే రాయి, 'పల్లం' అంటే పల్లం, 'సమం' అంటే సమం. వెనకవాడు ఆ మాటనే తిరిగి చెప్పి, ఆ మాట మీద కాలు వేస్తాడు. కళ్లు ముందువాడివి, కాళ్లు వెనకవాడివి. రణధవళ మహారాజు విజయోత్సవం నాడు ముందు కొమ్ము మోసినవాడు మైలారి. వెనక అతని తమ్ముడు పోతులు. రాజవీధిలో తాడు మీద నడుస్తున్న దొమ్మరిదాన్ని చూస్తూ మైలారి ఒకే ఒక్క 'పల్లం' మింగేశాడు. పోతులు కాలు గుంటలో పడింది. పల్లకి ఒరిగింది. మహారాజు దొర్లాడు, ఆయన కిరీటం ఇంకా ముందుకు దొర్లి మురికికాలవలో పడింది. వీధి వీధంతా ఫక్కున నవ్వింది.

ఆ నవ్వే కొంప ముంచింది. పోతులు రెండు కాళ్లూ నరకమని ఆజ్ఞ అయింది. వాడు ఆ కాళ్లతోనే పరుగెత్తి, మూడు వందల మెట్లెక్కి, మహాఘంట గొలుసు పట్టుకున్నాడు. గొలుసు పట్టినవాడిని పట్టినంతసేపూ ఎవరూ తాకరాదు. ఇది తాతల నాటి కట్టడి. రాజభటులు చెప్పులతో మఠంలో జొరబడ్డారు. స్వామి వెలి ప్రకటించాడు. నలభై రోజులుగా పోతులు ఒక చేత్తో తింటున్నాడు, రెండో చేతిని గొలుసుకు గుడ్డతో కట్టుకుని నిద్రపోతున్నాడు. చేయి వదిలితే కాళ్లు పోతాయి.

తప్పు నాదిరా, నాదిరా అని మైలారి రోజూ వాడి దగ్గర కూర్చుని ఏడిచాడు. ఏడిస్తే ఏమవుతుంది? ఆంబోతులు కుమ్ములాడుకుంటే లేగదూడల కాళ్లు విరిగినట్టు, రాజూ స్వామీ పంతాలు పోతే మధ్యన నలిగేది బోయీలే.

చివరికి దిగివచ్చినవాడు రాజే. మఠానికి అపచారం చేసిన రాజు భుజశాంతి చేసుకోవాలి. మఠం గడప నుంచి నగరద్వారం దాకా స్వామి పల్లకిని స్వయంగా, ముందు కొమ్ము పట్టి, కూలివాడిలా దారి చెబుతూ మోయాలి. మోసేది రాజు వైపు ఇద్దరు, మఠం వైపు ఇద్దరు. నలుగురిలో ఎవరూ దారిమాట తప్ప మరో మాట పలకరాదు. పలికితే శాంతి చెడినట్టే. స్వామి క్షేమంగా నగరద్వారం దాటితే వెలి పోతుంది, పోతులుకు క్షమాభిక్ష దొరుకుతుంది. స్వామికి ఏదైనా అయిందా, గొలుసు శరణు ఆయనతోనే పోతుంది. పోతులు కాళ్లు ఆ సాయంత్రమే పోతాయి. అందుకే వెనక కొమ్ముకు మైలారి తానే వస్తానని స్వామి పాదాల మీద పడ్డాడు.

రాజు ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడేమిటని మాత్రం ఎవరూ అడగలేదు.

మిట్టమధ్యాహ్నం. మఠం గడప ముందు మహారాజు పట్టుబట్టలు విడిచి, ముతక పంచె కట్టి, మూపున గొంగడి ముక్క వేసుకుని నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి, ఏనుగులను లొంగదీసిన చేతులు. మెట్ల కింద దాకా బారులు తీరిన జనం నవ్వడానికి కూడా భయపడి తలలు వంచుకున్నారు. ఆయన వెనక, ముందు కొమ్ముకే రెండో మనిషిగా, ఎవడో పొడుగాటి బోయీ వచ్చి నిలిచాడు. గంగులట. రాజుగారి అశ్వశాల దగ్గర పల్లకి మోస్తాడట.

మైలారి ఆ మనిషి మూపు చూశాడు. బోయీ అన్నవాడి మూపున నిమ్మకాయంత కాయ ఉంటుంది. పదేళ్లు మోస్తే అది ఎముకలా గట్టిపడుతుంది. ఈ మనిషి మూపు అప్పుడే ఒలిచిన అరటిపండులా నున్నగా ఉంది.

మైలారి పక్కనున్న మేనమామ యల్లమంద చెవిలో గొణిగాడు. యల్లమందకు అరవై దాటాయి, ఒక మోకాలు వంగదు, అయినా కొమ్ము పడితే పల్లకి కదిలినట్టే తెలియదు.

"మావా, ఆ రెండోవోణ్ణి సూశావా? మూపున కాయ లేదు."

"సూశాను. ఆడి ఎడం కన్ను కూడా సూశాను. రెప్ప ఎయ్యట్లేదు."

రెప్ప వేయని ఎడమకన్ను చంద్రశిలలో ఒక్కడికే ఉంది. శ్మశానం గట్టున గుహలో ఉండి, రాజుకు శత్రువులను మాయం చేసిపెట్టే మాంత్రికుడు కుహకాక్షుడు. వాడి పేరు చెబితే పాలుతాగే పిల్లలు ఏడుపు మానేస్తారు.

"మావా, సామికి సెప్పేద్దాం!"

"ఎట్టా సెబుతావురా? అదుగో, విబూది పెట్టేత్తన్నారు. ఇంక నోరిప్పితే అపచారం. శాంతి సెడితే నీ తమ్ముడి సంగతేంటి?"

మఠం పూజారి నలుగురి నుదుటా విభూది రాశాడు. మాట్లాడే గడువు అక్కడితో తీరిపోయింది. బక్కపలచని విమలబోధస్వామి కాషాయం సర్దుకుంటూ వచ్చి పల్లకిలో కూర్చున్నాడు. తెరలు దించారు. నాలుగు మూపులూ లేచాయి.

"మెట్టు!" అన్నాడు మహారాజు. ఆ గొంతులో రాజ్యాల మీద ఉరిమిన గాంభీర్యం ఉంది గాని, మాట మాత్రం కూలివాడిది.

"మెట్టు దాటె!" అన్నారు వెనకనుంచి మైలారీ, యల్లమందా.

మూడు వందల మెట్లూ దిగారు. గంధపు చెట్ల తోపు దాటారు. అక్కడ ఎండ ఆకుల్లోంచి జల్లెడ పట్టినట్టు రాలుతోంది. జలపాతం పక్కన నెమళ్లు పురులు ఆరబెట్టుకుంటున్నాయి, తుంపర్లలో చిన్న హరివిల్లు నిలిచి ఉంది. మరో రోజయితే మైలారి ఆగి చూసేవాడే. ఇప్పుడతనికి కనబడుతున్నది పల్లకి వెనక తెర ఒక్కటే. "రాయి!" అంటే రాయి దాటాడు. "ముల్లు!" అంటే ముల్లు దాటాడు.

అర క్రోసు నడిచాక కత్తివాదర వచ్చింది.

కొండను చెక్కి తీసిన రాతిబాట అది. పల్లకి పట్టేంత వెడల్పు, రెండు వందల అడుగుల పొడుగు. కుడివైపు నిట్టనిలువు బండ. ఎడమవైపు పాతాళలోయ. రాయి వేస్తే చప్పుడు వినబడదు, ఎంత లోతో ఎవరికీ తెలియదు. ఆ చివర ముప్పై మంది గుర్రపు రౌతులు నిలబడి ఉన్నారు. స్వామికి ఎదురేగి స్వాగతం చెప్పడానికని పేరు.

పల్లకి బాట నడుమకు వచ్చేసరికి పొడుగాటి బోయీ పెదవులు కదిలాయి. ఎండ మాయమైంది. లోయలోంచి తెల్లటి పొగమంచు పాలు పొంగినట్టు పొంగి, బాటనూ బండనూ ముంచేసింది. నడినెత్తిన సూర్యుడుండగా పొగమంచేమిటి? మైలారికి తన చేయి తనకు కనబడలేదు.

"సమం!" అన్నాడు రాజు ముందునుంచి.

"సమం!" అన్నాడు రాజు మళ్లీ. ఈసారి ఎడమవైపునుంచి. లోయ మీదినుంచి.

అదే గొంతు, అదే ఉరుము. రాజు ఒక్కడే అయితే గొంతు రెండు చోట్ల ఎలా ఉంటుంది? కొమ్ము మెల్లగా ఎడమకు లాగుతోంది. మైలారి ఎడమకాలు ముందుకు పెట్టి వేళ్లతో తడిమాడు. వేళ్ల కింద బాట అంచు తగిలింది. నాలుగు గులకరాళ్లు జారిపోయాయి. చెవులు రిక్కించి విన్నాడు, అవి ఎక్కడా పడ్డ చప్పుడు లేదు.

అప్పుడతనికి పన్నాగం మొత్తం అర్థమైంది. ఇంకో నాలుగడుగుల్లో రాజు కొమ్ము కిందనుంచి తప్పుకుంటాడు. మాంత్రికుడు పల్లకిని లోయలోకి తోస్తాడు. స్వామి, మామ, తను, ముగ్గురూ పోతారు. రేపు నగరంలో దండోరా ఏమని? 'మొన్న రాజుగారిని పడేసిన ఇంటివాడే ఇవాళ స్వామివారిని పడేశాడు.' నమ్మనివాడెవడు? ఆ ఇంటికి పేరు ముందే పడిపోయింది కదా! గొలుసు దగ్గర పోతులు ఇంకా అన్న వస్తాడని చూస్తూ ఉంటాడు. వాడిముందు కత్తులు వచ్చి నిలబడతాయి.

అరవాలి. అరిస్తే శాంతి చెడుతుంది. అరవకపోతే చస్తాడు. మైలారి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అతనికి పలకడానికి మిగిలినవి దారిమాటలే. పన్నెండేళ్లుగా స్వామి ఈ పల్లకిలోనే కూర్చుని ఆ మాటలే వింటున్నాడు.

"సమం!" అంది గొంతు లోయ మీదినుంచి.

ముందువాడి మాటకు వెనకవాడు ఎదురుచెప్పడం బోయీల వంశంలో ఎన్నడూ లేదు. మైలారి కళ్లు మూసుకుని అన్నాడు.

"పల్లం!"

పొగమంచులో కొమ్ము మరో బెత్తెడు ఎడమకు లాగింది.

"సమం!" అని గద్దించింది గొంతు.

"పల్లం!" అన్నాడు మైలారి. "పల్లం!" అన్నాడు వెనకనుంచి యల్లమంద, ముసలి గొంతు వణుకుతున్నా గట్టిగా.

పల్లకి లోపల్నుంచి చెక్కమీద టక్కున ఒక దెబ్బ వినబడింది. స్వామికి తెలిసిపోయింది.

అణిమ, మహిమ, గరిమ అని సిద్ధుల పేర్లు పుస్తకాల్లో చదువుకున్నవాళ్లకు అవి మాటలు. బోయీకి గరిమ అంటే ఏమిటో మూపు చెబుతుంది. ఎండుసొరకాయంత బరువుండే స్వామి, ఆ ఒక్క క్షణంలో ఏనుగైపోయాడు, ఏనుగు కాస్తా కొండగుండైపోయింది. "మావా, దించు!" అని అనకుండానే ఇద్దరూ కలిసి మోకాళ్లు వంచి వెనక కొమ్మును నేలకు జార్చారు. ముందువాళ్లకు ఆ విద్య తెలియదు. కొమ్ము పిడుగులా కిందికి దిగింది. కాయ లేని మూపు పుటుక్కుమంది. కుహకాక్షుడు కెవ్వున కేకవేసి, ఎడమకు తూలి, పొగమంచులోకి పడిపోయాడు. కేక చాలాసేపు వినబడింది, తరువాత ఆగిపోయింది.

మంచు విడిపోయింది. ఎండలో చూస్తే, మహారాజు బాట మీద వెల్లకిలా పడి ఉన్నాడు. కొమ్ము ఆయన రొమ్ము మీద ఉంది. ముఖం నల్లబడుతోంది.

"రాజా!" అన్నాడు స్వామి తెర వెనకనుంచి, తీర్థం ఇస్తున్నంత నెమ్మదిగా. "ఊపిరి ఆడుతోందా?"

"స్వామీ... కాపాడండి..."

దారిమాట కానిది రాజు పలికేశాడు. శాంతి చెడిపోవాలి. కాని కట్టడి చేసినవాడే చెవులు మూసుకుంటే అడిగేవాడెవడు? స్వామి వినబడనట్టే ఉన్నాడు.

"ఇకమీద నా గడప లోపల నీ భటుడి అడుగు పడదు. నా మఠంలో తప్పొప్పులు నేనే విచారిస్తాను. నీ సింహాసనం మీద ఎవరు కూర్చోవాలో నన్నడిగి నిర్ణయిస్తావు. సమ్మతమేనా?"

"సమ్మతం... సమ్మతం..."

మైలారి కళ్ల నీళ్లు తిరిగాయి. గెలిచాం రా పోతులూ అనుకున్నాడు. నీ కాళ్లు నిలిచాయి రా.

కొమ్ము కొంచెం తేలికయింది. రాజు గాలి పీల్చుకుని, మోచేతుల మీద లేచి, రాజులకు మాత్రమే వచ్చే మెత్తని గొంతుతో అన్నాడు. "మీరడిగినవన్నీ ఇచ్చాను. నాకూ ఒకటి కావాలి స్వామీ. నా కిరీటం కాలవలో పడితే జనం నవ్వారు. నవ్విన జనం రేపు నా పన్నులకు, నా కత్తికి భయపడతారా? వాళ్లు భయపడకపోతే మీ గంటకు మాత్రం భయపడతారా? గొలుసు పట్టుకున్న ఆ బోయీని నాకిచ్చెయ్యండి. మీ చేతులతో ఇచ్చారంటే ఇద్దరి పరువూ నిలుస్తుంది."

స్వామి ఆలోచించాడు. ఎంతసేపు? రెండుసార్లు రెప్ప వేసినంతసేపు.

"ఒక్క బోయీయేగా," అన్నాడు. "తీసుకో."

తెర సందులోంచి ముద్రటుంగరం పట్టుకున్న చేయి ముందుకు వచ్చింది. ఆ ఉంగరం చూపిస్తే మఠంలోవాళ్లు పోతులు వేళ్లు గొలుసు నుంచి ఒక్కొక్కటే విప్పి భటులకు అప్పజెబుతారు.

మైలారికి వినబడింది నిజమని నమ్మబుద్ధి కాలేదు. "సామీ!" అని అరిచాడు. "ఇందాక పల్లం అని సెప్పింది నేను! మీ పేనం నిలిపింది నేను! ఆడు నా తమ్ముడు సామీ!"

"మాట్లాడావురా," అన్నాడు స్వామి విచారంగా. "నియమం తప్పావు."

స్వామి కళ్లు మూసుకుని జపం మొదలుపెట్టాడు. ఎక్కించుకున్న గరిమ దిగాలంటే మనసు నిశ్చలంగా ఉండాలి. ఆయన మనసు నిశ్చలంగానే ఉంది, కొమ్ము ఈకలా తేలింది. రాజు లేచి ఉంగరం అందుకుని చేయెత్తాడు. అవతలి చివర రౌతులు గుర్రాలు దిగి, కత్తులు దూసి, బాట మీదికి వస్తున్నారు. ఇటునుంచి మఠానికి దారి ఇదొక్కటే. బాట నిండా పల్లకి ఉంది.

"పల్లకి ఎత్తండిరా. వెనక్కి నడవండి," అన్నాడు రాజు.

మైలారి మామ వైపు తిరిగాడు. "మావా, పరిగెత్తు. పోతులు కట్టు ఇప్పి, ఎనక కొండ దింపెయ్. అడివి దాటితే ఏరే రాజ్జెం."

"నా మోకాలు..."

"తెలుసు మావా. పో."

ముసలివాడు మేనల్లుడి ముఖం ఒక్కసారి తడిమి, కుంటుతూ, బండను పట్టుకుంటూ పరుగు మొదలుపెట్టాడు. వాణ్ణి చూసి మైలారి కూడా తిరగబోయాడు. వెనక తెర చీలింది. ఎండు కట్టెలాంటి చేయి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

"ఎక్కడికిరా?" అన్నాడు స్వామి.

ఆ చేయీ, పల్లకీ మళ్లీ బరువెక్కాయి. మైలారి మోకాళ్ల మీద కూలిపోయాడు. కొండను చేతికి కట్టినట్టుంది. ఎముకలు నలుగుతున్నాయి.

"స్వామి పట్టుకున్నారు!" అని రాజు కేకవేశాడు. "పల్లకి కదలదు, పైకెక్కి దూకండి! ఆ ముసలివాణ్ణి పట్టండి!"

మొదటి రౌతు కొమ్ము మీద కాలు పెట్టి పల్లకి కప్పు మీదికి పాకాడు. అప్పుడు కింద రాయి పటేలుమంది. తాతల నాటి బాట, నలుగురు బోయీల కోసం చెక్కిన బాట, కొండంత బరువును ఎంతసేపని మోస్తుంది? పల్లకి కాళ్ల కిందనుంచి బండ గోడ దాకా వెంట్రుకవాసి పగులు పాకింది. రౌతు కెవ్వుమని వెనక్కి దూకాడు. రాజు కూడా నాలుగడుగులు వెనక్కి వేశాడు. ముప్పై మందిలో ఒక్కడూ ముందుకు రాలేదు.

పల్లకికి కుడి తలుపు తీస్తే బండ, ఎడమ తలుపు తీస్తే లోయ. స్వామి అది ఇప్పుడు చూశాడు. చేయి వెనక్కి లాక్కోబోయాడు. మైలారి రెండో చేత్తో ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"వదులు!" అన్నాడు స్వామి.

"మీరేగా పట్టుకుంది, సామీ." మైలారి పళ్లు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాయి, కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, అయినా పట్టు సడలలేదు. "మావ ముసలోడు. అర కోసు నడవాల, మూడొందల మెట్లెక్కాల. అందాకా ఇట్టా కూకుందాం."

పగులు మరో జానెడు సాగింది. లోయవైపు రాతిముక్క ఊడి మాయమైంది. పల్లకి ఎడమకు బెత్తెడు వంగింది.

"జపం సెయ్యండి సామీ, మనసు నిమ్మళం సేసుకుని బరువు దింపుకోండి," అన్నాడు మైలారి.

తెర సందులో స్వామి ముఖం పాలిపోయి ఉంది. పెదవులు కదులుతున్నాయి. మొదటి అక్షరం వచ్చింది. రెండోది రాలేదు. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు.